సీఫోర్త్ దొరల కైఫీయతు

మన ఊరి చరిత్ర రాయాలని కలం పట్టినవాడెవడూ మెకంజీ కైఫీయతులు తిరగెయ్యకుండా రెండో పుటకు పోలేడు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, కరణీకం మిరాసీ ఏ యింటివారికి సంక్రమించింది, జమీందారుగారి మూలపురుషుడు ఏ దేశాన్నుంచి వలస వచ్చాడు - ఇవన్నీ కరణాల యిళ్ళలోని దండకవిలెల నుంచి ఎత్తి రాయించినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. ఏలూరువారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆయనకు కుడిభుజాలు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయినా, మిగిలినవారు ఆ పని ఆగనివ్వలేదు. మెకంజీ 1815లో హిందూదేశానికంతకూ మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయినాడు. 1821లో కలకత్తా దగ్గర కన్నుమూశాడు.

మాది కరణాల యిల్లు. మా తాతగారి కాలంనాటి కవిలెకట్టల్లో చెదలు మిగిల్చినవి మా అటకమీద చాలాకాలం వున్నాయి. అందుకేనేమో, కైఫీయతులు చదివినప్పుడల్లా నాకొక చిలిపి ఊహ వచ్చేది. ఊరూరా తిరిగి అందరి వంశావళులూ పోగుచేసిన ఈ దొరగారి వంశావళి ఏమిటి? ఆయన ఊరి కరణం ఎవరు? ఆ ఊరి కవిలె ఎక్కడ వుంది?

ఆయన ఊరు స్కాట్లండుకు వాయవ్యాన, సముద్రం మధ్య వున్న లూయిస్ దీవిలోని స్టోర్నొవే పట్నం. తండ్రి మర్డొక్ మెకంజీ అక్కడ తపాలా ఉద్యోగి. కాలిన్ కూడా కొంతకాలం ఆ రేవులోనే కస్టమ్స్ ఉద్యోగం చేసి, 1783లో మద్రాసులో దిగాడు. ఆయన ఎప్పుడు పుట్టాడు? 1753 అని కొందరు, 1754 అని కొందరు. ఆ దీవుల్లో బాప్టిజం రిజిస్టర్లు ఆలస్యంగా మొదలయ్యాయి. మన కరణాల ఏడుతరాలు రాయించిన మనిషికి తన పుట్టినతేదీ చూపే కాగితం లేదన్నమాట.

అయితే ఆ దీవికి యజమానులున్నారు. వాళ్ళు కూడా మెకంజీలే. సీఫోర్త్ ప్రభువులని వారి బిరుదు. మన మెకంజీ ఈస్టిండియా కంపెనీ కొలువులోకి రావడానికి వారి ప్రాపకం కూడా తోడ్పడింది. తపాలా ఉద్యోగి కొడుక్కి లేని కాగితాలు ఆ భూస్వాములకు కుప్పలు తెప్పలుగా వున్నాయి. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి కాపురముంటున్న ఎడింబరోలో ఒక వేసవి గడిపే అవకాశం వచ్చింది. "నాన్నా, అందరూ కోట చూడ్డానికి వస్తారు, మీరు దస్తావేజులు చూడ్డానికి వచ్చారు" అని అమ్మాయి నవ్వింది. నేను మాత్రం ఆ దస్తావేజుల కోసమే వెళ్ళాను.

దస్తావేజుల దివాణం

ఎడింబరో నడిబొడ్డున, రైలుస్టేషనుకు ఎదురుగా, గుమ్మటం వున్న పెద్ద రాతి కట్టడం ఒకటి వుంది. జనరల్ రిజిస్టర్ హౌస్ అంటారు. రాబర్ట్ ఆడమ్ అనే ప్రసిద్ధ శిల్పి నమూనా గీశాడు. 1774లో పునాది వేశారు. దేశపు దస్తావేజులు భద్రపరచడానికని ప్రత్యేకంగా ఇంత కట్టడం లేపడం ఆ రోజుల్లో అరుదు. దీనికి మొదట మంజూరైన పన్నెండువేల పౌన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసా? రాజు మీద తిరగబడిన భూస్వాముల దగ్గర జప్తు చేసిన ఎస్టేట్ల రాబడి నుంచి! భూములు పోగొట్టుకున్నవారి డబ్బుతో భూముల దస్తావేజులకు యిల్లు కట్టారు.

అంతకుముందు ఆ కాగితాలు పడిన పాట్లు మన తాటాకు కవిలెలు కూడా పడలేదు. 1296లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు స్కాట్లండు మీద దండెత్తి కిరీటంతోపాటు కాగితాలు కూడా పట్టుకుపోయాడు. మళ్ళీ క్రామ్‌వెల్ సైన్యం వచ్చి మిగిలినవి లండనుకు తరలించింది. 1660 డిసెంబరులో వాటిని తిరిగి పంపుతుండగా తుఫానులో ఓడ మునిగి, ఎనభైఅయిదు పీపాల దస్తావేజులు సముద్రం పాలయ్యాయి. కనుక స్కాట్లండులో వంశం వెతికేవాడు ఏదైనా కాగితం కనిపించకపోతే ముందు సముద్రాన్ని తలుచుకోవాలి.

చదివే గదిలో పెన్ను పనికిరాదు, పెన్సిలే. అడిగిన కట్ట ఒక్కొక్కటే తెచ్చి యిస్తారు. సీఫోర్త్ వారి ఇంటి కాగితాలు జి.డి. 46 అనే గుర్తు కింద వున్నాయి. వాటి జోలికి పోయేముందు సర్కారువారి రిజిస్టర్లు చూడాలనుకున్నాను. ఎందుకంటే, ఇంటివారు తమను గురించి దాచుకున్న కాగితం ఒక రకం, ఊరివారు సాక్షిగా పుట్టిన కాగితం మరో రకం. మా తాతగారి మాటల్లో చెప్పాలంటే, పెళ్ళివారి మాట వేరు, అడంగల్ వేరు.

ఇంటిపేరు చూసి మోసపోవద్దు

మొదటి చిక్కు పేర్లతోనే. మెకంజీ అంటే గేలిక్ భాషలో కెన్నెత్ కొడుకని అర్థం. ఆ వంశంలో కెన్నెత్‌లూ కాలిన్‌లూ జాన్‌లూ అలెగ్జాండర్‌లూ తప్ప వేరే పేర్లు అరుదు. తాతపేరు మనవడికి పెట్టడం మనలాగే వాళ్ళకూ వుంది. పైగా నాయకుడి ఇంటిపేరే ఆయన నీడన బతికే రైతులు కూడా పెట్టుకునేవారు. కాబట్టి ఇంటిపేరు ఒకటైనంతమాత్రాన దాయాదులని అనుకోవడానికి లేదు. మన తపాలా ఉద్యోగి మర్డొక్‌కూ, సీఫోర్త్ ప్రభువుకూ నెత్తురు చుట్టరికం వుందనడానికి మెకంజీ అన్న మాట ఒక్కటీ చాలదు.

అందుకని అక్కడివారు ఒక ఉపాయం చేశారు. భూస్వామిని భూమి పేరుతోనే పిలుస్తారు. గేర్‌లొక్ భూమి గలవాడు గేర్‌లొక్, కూల్ భూమి గలవాడు కూల్. రిజిస్టరులో ఒక కెన్నెత్ మెకంజీ తగిలితే ఎవరి కొడుకని కాదు, ఏ భూమివాడని ముందు అడగాలి. ఆడవారి విషయంలో ఒక మేలు వుంది. స్కాట్లండు దస్తావేజుల్లో పెళ్ళయినా ఆడపిల్ల పుట్టింటిపేరు పోదు. ఆమె సంతకంలో పుట్టింటిపేరు, పక్కన ఫలానావారి భార్య అన్న మాట. దీనివల్ల రెండు వంశాలు ఒక్క కాగితంలో దొరుకుతాయి.

తేదీలతో ఇంకో తిరకాసు. 1600 ముందు అక్కడ సంవత్సరాది మార్చి 25. జనవరి, ఫిబ్రవరి నెలలు పాత సంవత్సరంలోనే లెక్క. కింటెయిల్ భూమిని బారనీగా ఖాయంచేస్తూ నాలుగో జేమ్స్ రాజు యిచ్చిన పట్టా 1508 ఫిబ్రవరి నాటిది. మన లెక్కకు అది 1509. ఉగాదికి ముందు పుట్టినవాడి సంవత్సరం పేరు చెప్పడంలో మన పెద్దలు పడే తర్జనభర్జన గుర్తొచ్చి నవ్వుకున్నాను.

గుప్పెడు మట్టి, ఒక రాయి

పూర్వం మన రాజులు అగ్రహారాలు ధారాపూర్వకంగా యిచ్చేవారు. నీళ్ళు ధారపోస్తేనే దానం. స్కాట్లండులో నీళ్ళకు బదులు మట్టి. భూమి అమ్మేవాడి తరఫు మనిషి, కొనేవాడి తరఫు మనిషి ఆ నేలమీదికే వెళ్ళి, సాక్షుల ఎదుట గుప్పెడు మట్టి, ఒక రాయి చేతులు మారిస్తేనే భూమి మారినట్టు. మర అయితే మర సామాను, చేపల రేవయితే వల, పడవ. దీన్ని సేజిన్ అంటారు. పక్కన నోటరీ నిలబడి ఫలానా రోజు ఫలానావారి ఎదుట ఇది జరిగిందని రాస్తాడు. 1617లో చట్టం వచ్చి, ఆ రాతను అరవై రోజుల్లో రిజిస్టరు చెయ్యాలన్నారు. నేలమీదికి వెళ్ళే తంతు 1845లో ఆగింది. ఆ రిజిస్టరు మాత్రం ఆగలేదు. దాని స్థానంలో కొత్త భూమి రిజిస్టరు జిల్లాలవారీగా రావడం 1981లో మొదలైంది.

మూడున్నర శతాబ్దాలపాటు ఒక దేశంలో నేల చేతులు మారిన వైనమంతా ఒకే వరుసలో వుండడం ఎంత అదృష్టమో, రికార్డు గదుల్లో దుమ్ము తిన్నవాడికి తెలుస్తుంది. సేజిన్‌లో కొన్నవాడి పేరే కాదు, అతని తండ్రి పేరు, ఒక్కొక్కప్పుడు భార్య పేరు, కొడుకు పేరు, అప్పిచ్చినవాడి పేరు కూడా వుంటాయి. సీఫోర్త్ వారి భూములు తాకట్లలో ఎలా నలిగాయో అక్కడే తెలిసిపోతుంది.

పదిహేనుమంది పెద్దలు

తండ్రి పోయినంతమాత్రాన కొడుకు భూస్వామి కాడు. రాజు నుంచి నేరుగా పొందిన భూమి అయితే, వారసుడు చాన్సరీకి అర్జీ పెట్టుకోవాలి. అక్కణ్ణుంచి ఆజ్ఞ వస్తుంది. ఆ ప్రాంతపు పెద్దలు, సాధారణంగా పదిహేనుమంది, కూర్చుని విచారిస్తారు. పోయినవాడెవరు? భూమి ఏది? పాత ఖరీదెంత, కొత్త ఖరీదెంత? ఈ అర్జీదారుడు న్యాయమైన, దగ్గరి వారసుడేనా? జవాబులు రాసి చాన్సరీకి తిప్పి పంపిస్తారు. అలా తిప్పి పంపిన కాగితమే రిటూర్. మన పంచాయతీ మహజరునామా లాంటిదే.

ఈ రిటూర్ల సారాంశం 1700 సంవత్సరం వరకు లాటిన్ భాషలో 1811 - 1816 మధ్య అచ్చయింది. క్రామ్‌వెల్ రోజుల కొద్ది సంవత్సరాలవి మాత్రం ఇంగ్లీషులో వున్నాయి. లాటిన్ రాదని భయపడనక్కరలేదు. వారసుడు, కొడుకు, అన్న, తండ్రి, భూమి - ఈ పది పన్నెండు మాటలు పట్టుబడితే పని జరుగుతుంది. నేను మూడు రోజుల్లో నేర్చుకున్నాను.

వంశం ఎలా నడిచిందో క్లుప్తంగా చెబుతాను. కింటెయిల్ నాయకుడు కెన్నెత్ 1609లో లార్డు అయినాడు. అతని కొడుకు కాలిన్ 1623లో సీఫోర్త్ ఎర్ల్ అయినాడు. కాలిన్ 1633లో పోయాడు. కూతుళ్ళున్నారు, కొడుకు లేడు. అటువంటప్పుడు రిటూర్‌లో వెతకవలసిన మాట 'మగ వారసుడు' అని. బిరుదూ ఎస్టేటూ కూతుళ్ళకు రాలేదు. సవతి తమ్ముడు జార్జికి వెళ్ళాయి. ఆ కూతుళ్ళలో ఒకామె ఆనా మొదట బల్కారస్ ప్రభువునూ, తరువాత ఆర్గయిల్ ఎర్ల్‌నూ పెళ్ళాడి ఆ వంశాల చరిత్రలో పెద్దపేరు తెచ్చుకుంది. పుట్టింటి భూమి పత్రాల్లో మాత్రం ఆమె అడ్డు తొలగిన పేరు.

ఇక్కడ ఒక హెచ్చరిక. రిటూర్ తేదీ చావు తేదీ కాదు. కొందరు తండ్రి పోయిన ఇరవై ముప్ఫయి ఏళ్ళకు, అమ్ముకోవలసిన అవసరం వచ్చినప్పుడు తాపీగా వారసత్వం రాయించుకునేవారు. చిన్నకొడుకుల ఊసు రిటూర్‌లో రాదు. వాళ్ళకోసం వీలునామాలు చూడాలి. వీలునామాలో మళ్ళీ భూమి వుండదు. 1868 వరకు స్కాట్లండులో భూమిని వీలునామాతో రాసివ్వడానికి వీలులేదు. పశువులు, వెండి గిన్నెలు, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన జీతాలు, ఇంతే. అందులో భార్యకొక భాగం, పిల్లలకొక భాగం, పోయినవాడి ఇష్టానికొక భాగం. భూమి చూపే కాగితం పిల్లల్ని దాస్తుంది, పిల్లల్ని చూపే కాగితం భూమిని దాస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకున్నవాడికే సంసారం కనిపిస్తుంది.

జింక కొమ్ముల కథ

మన జమీందారీ కైఫీయతులు చదివినవారికి ఒక సంగతి తెలుసు. మూడు నాలుగు తరాలు నికరంగా వుంటాయి. అంతకుపైన ఒక్క గంతులో సూర్యవంశమో చంద్రవంశమో వస్తుంది. సీఫోర్త్ వారిదీ అదే ధోరణి. వారి సూర్యవంశం ఐర్లండులో వుంది.

కథేమిటంటే, కాలిన్ ఫిట్జిరాల్డ్ అనే ఐరిష్ ప్రభువు 1263లో లార్గ్స్ యుద్ధంలో స్కాట్లండు రాజు మూడో అలెగ్జాండరు పక్షాన పోరాడాడు. వేటలో మదించిన దుప్పి రాజు మీదికి వస్తే అడ్డుపడి కాపాడాడు. మెచ్చి రాజు 1266లో కింటెయిల్ భూమి రాసిచ్చాడు. అందుకే ఈ వంశపు ముద్ర జింక తల. 17వ శతాబ్దంలో ఈ వంశశాఖవాడే అయిన క్రొమార్టీ ఎర్ల్ ఈ కథను వంశచరిత్రగా స్థిరపరిచాడు. 1786లో అప్పటి సీఫోర్త్ యజమాని ఫ్రాన్సిస్ మెకంజీ, బెంజమిన్ వెస్ట్ అనే పెద్ద చిత్రకారుడిచేత ఆ దుప్పి సన్నివేశాన్ని పన్నెండడుగుల ఎత్తు, పదిహేడడుగుల వెడల్పు పటంగా గీయించాడు. ఎడింబరో నేషనల్ గ్యాలరీ వారి దగ్గర వుంది. దాని ముందు నిలబడితే కథ నిజమనే అనిపిస్తుంది. అంత బాగా గీశాడు.

కాగితం మాత్రం నిలబడలేదు. 19వ శతాబ్దంలో స్కీన్ అనే పండితుడు ఆ 1266 పట్టాను పరీక్షించాడు. సాక్షులుగా వున్న పెద్దలు ఆ సంవత్సరానికి పొసగడంలేదు. దొంగ దస్తావేజు ఎప్పుడూ సాక్షుల దగ్గరే దొరికిపోతుంది, అది ఏ దేశమైనా సరే. మరి అసలు మూలపురుషుడెవరు? 1467 నాటి గేలిక్ వ్రాతప్రతి ఒకటి స్కీన్ కంటబడింది. అందులో మెకంజీల వంశం ఎయర్డ్ ప్రాంతపు గిల్లియోన్ అనే స్థానికుడి దాకా పోతుంది కానీ ఐర్లండు ప్రభువు ఊసే లేదు. ఆ ప్రతి దొరికింది న్యాయవాదుల గ్రంథాలయంలో. ఆ గ్రంథాలయాన్ని 1689లో ప్రారంభించినవాడు రోజ్‌హా భూమి గల సర్ జార్జి మెకంజీ. ఆయన స్వయానా మొదటి కింటెయిల్ లార్డు మనవడు! మనవడు పెట్టిన బీరువాలోంచే తాతల కథకు చెక్ పెట్టే కాగితం బయటపడింది.

నికరంగా నిలిచే తొలి పట్టాల్లో ఒకటి 1463లో రాస్ ఎర్ల్ యిచ్చినది. అక్కణ్ణుంచి కిందికి గొలుసు సరిగ్గానే వుంది. అయిదున్నర శతాబ్దాల వంశం! ఏ దేశంలోనైనా అది చిన్నవిషయం కాదు. లేని రెండు శతాబ్దాల కోసం ఎందుకంత తాపత్రయపడ్డారో!

జప్తు అయిన ఎస్టేటు

అయిదో ఎర్ల్ విలియం 1715లో జార్జిరాజు మీద తిరుగుబాటులో చేరాడు. మరుసటి ఏడు బిరుదు రద్దయింది, భూములు జప్తయ్యాయి. 1719లో స్పెయిను సహాయంతో మళ్ళీ తిరగబడ్డాడు. ప్రభుత్వపు ఓడలు వచ్చి వారి ఎయిలన్ డోనన్ కోటను పేల్చేశాయి. జూన్ 10న గ్లెన్‌షీల్ లోయలో జరిగిన పోరులో ఓడి, ఎర్ల్ సముద్రం దాటి పారిపోయాడు.

తరువాత జరిగినది మా నాన్నగారు వుంటే లొట్టలు వేసుకుంటూ వినేవారు. జప్తు ఎస్టేటు శిస్తు వసూలుకు సర్కారు మనుషులు వెళితే రైతులు దమ్మిడీ కట్టలేదు. ఎర్ల్‌గారి పేష్కారు డానల్డ్ మర్కిసన్ ఆ శిస్తును రహస్యంగా వసూలుచేసి విదేశంలో వున్న దొరకు పంపించేవాడు. 1721లో సర్కారు మనుషులు సాయుధులై వస్తే కొండదారిలో కాచి తరిమేశాడు. చివరకు 1726లో ఎర్ల్‌కు క్షమాభిక్ష దొరికింది. 1741లో భూమి మళ్ళీ ఆ కుటుంబం చేతికి వచ్చింది.

నన్ను ఆశ్చర్యపరచినది ఇది కాదు. ఎర్ల్ ఏలుబడిలో వున్నన్నాళ్ళు భూమి పత్రాల్లో ఎర్ల్ పేరూ, ఆయన బంధువుల పేర్లూ, అప్పులవాళ్ళ పేర్లూ తప్ప వేరేవారివి అరుదు. 1718లో జప్తు కమిషనర్ల మనుషులు లూయిస్ దీవిలోనూ కింటెయిల్‌లోనూ రైతులను పిలిపించి, ప్రమాణం చేయించి, ఎవరు ఎంత శిస్తు కడుతున్నారో రాయించారు. ఊరివెంట ఊరు, పేరువెంట పేరు! దున్నేవాడి పేరు మొట్టమొదటిసారి ఇంత వివరంగా కాగితమెక్కింది. దొర పారిపోతే గాని రైతు చరిత్రలోకి రాలేదు. మర్డొక్ మెకంజీ వంటి సామాన్యుల తాతముత్తాతలను వెతికేవారికి ఈనాటికీ మొదటి మెట్టు ఆ జప్తు జాబితాలే.

మన సముద్రాల మీద

18వ శతాబ్దం చివర ఈ వంశవృక్షం కొమ్మలు మనవైపు వంగాయి. విలియం మనవడు కెన్నెత్‌కు మళ్ళీ సీఫోర్త్ ఎర్ల్ బిరుదు, ఈసారి ఐర్లండు లెక్కలో, 1771లో దొరికింది. 1778లో తన రైతుల్లోంచే ఒక పటాలం లేపాడు. అప్పులపాలై 1779లో ఎస్టేటును లక్ష పౌన్లకు జ్ఞాతి థామస్ ఫ్రెడరిక్ హంబర్‌స్టన్ మెకంజీకి అమ్మి, పటాలంతో మనదేశానికి ఓడెక్కాడు. 1781లో దారిలోనే సెంట్ హెలీనా దీవి దగ్గర చనిపోయాడు. పటాలంలో ఎందరో స్కర్వీ రోగంతో సముద్రం మీదే పోయారు. మిగిలినవారు 1782లో మద్రాసు చేరారు.

కొన్న థామస్ మాత్రం నిలిచాడా? మలబారు తీరాన హైదరాలీ సైన్యంతో పోరాడాడు. తిరిగివస్తుండగా మరాఠా నౌకలతో జరిగిన పోరులో గాయపడి, 1783 ఏప్రిల్‌లో గేరియాలో, అంటే నేటి మహారాష్ట్రలోని విజయదుర్గంలో పోయాడు. పెళ్ళి కాలేదు. ఎస్టేటు తమ్ముడు ఫ్రాన్సిస్‌కు వచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరులోనే మన కాలిన్ మెకంజీ మద్రాసు రేవులో దిగాడు.

ఈ ఫ్రాన్సిసే దుప్పి పటం గీయించినవాడు. చిన్నప్పుడు జ్వరం తగిలి చెవుడు వచ్చింది. అయినా పార్లమెంటు సభ్యుడు, 1797లో లార్డు, తరువాత బార్బడోస్ గవర్నరు అయినాడు. 1793లో ఆయన లేపిన 78వ పటాలం 1803లో అస్సాయే యుద్ధంలో పోరాడింది. నలుగురు కొడుకులు. నలుగురూ తండ్రి కళ్ళముందే పోయారు. పెద్దకూతురు మేరీ భర్త అడ్మిరల్ సర్ శామ్యూల్ హుడ్ మన సముద్రాల నౌకాదళానికి అధిపతిగా వుండి, 1814 డిసెంబరు 24న మద్రాసులో చనిపోయాడు. పద్దెనిమిది రోజులకు, 1815 జనవరి 11న, ఎడింబరో దగ్గర మామగారు కూడా పోయాడు. ఓడల మీద నెలల తరబడి ప్రయాణం చేసే ఆ రోజుల్లో ఒకరి చావు ఒకరికి తెలిసే అవకాశమే లేదు.

వారి బ్రహ్మంగారు

ఈ వరస చావులను చూసి జనం ఒక కాలజ్ఞానం గుర్తుచేసుకున్నారు. మనకు వీరబ్రహ్మంగారున్నట్టే వారికి కెన్నెత్ ఓర్ అనే బ్రహన్ జ్ఞాని వున్నాడు. మూడో ఎర్ల్ భార్య ఇజబెల్లా, 1660 ప్రాంతాల్లో, తనకు నచ్చని నిజం చెప్పాడని అతన్ని తారు పీపాలో తగలబెట్టించిందట. చచ్చేముందు అతను, చెవిటి దొర ఒకడు పుడతాడు, నలుగురు కొడుకులూ ముందే పోతారు, తూర్పునుంచి తెల్లముసుగు వేసుకున్న విధవ వచ్చి వారసురాలవుతుంది, చెల్లెలి చావుకు తానే కారణమవుతుంది అని శపించాడట. మేరీ తూర్పు నుంచే వచ్చింది, విధవే అయింది. 1823లో ఆమె తోలుతున్న బండి బోల్తాపడి చెల్లెలు చనిపోయింది కూడా. ఒళ్ళు జలదరించే మాటే.

మరి దస్తావేజులు ఏమంటాయి? 1660 ప్రాంతాల్లో అటువంటి విచారణగాని శిక్షగాని జరిగినట్టు ఒక్క కాగితమూ లేదు. కాని 1577లో, అంటే ఇజబెల్లాకు చాలా ముందు, రాస్ ప్రాంతంలో మంత్రగాళ్ళని పట్టుకోమని వచ్చిన ఆజ్ఞలో కెన్నెత్ ఓర్ అనే పేరు వుంది! మనిషి నిజం కావచ్చు. కాలం వేరు, కథ వేరు. ఈ జోస్యాలన్నీ కలిపి పుస్తకంగా అచ్చయింది 1877లో, అన్నీ జరిగిపోయిన తరువాత. నమ్మేవారిని నేను కాదనను. కాలజ్ఞానం కూడా ఒక రకం వంశచరిత్రే. కాకపోతే అది జనం రాసిన చరిత్ర. దొరవారి ఇంట వరసగా దీపాలు ఆరిపోతే, ఏ పాపానికని ఊరు అడిగిన ప్రశ్న అందులో వుంది.

కొమ్మ చివర

మేరీ 1817లో జేమ్స్ స్టూవర్ట్‌ను మళ్ళీ పెళ్ళాడింది. ఆయన ఆమె ఇంటిపేరును తన పేరుకు తగిలించుకుని స్టూవర్ట్ - మెకంజీ అయినాడు. సింహళానికి గవర్నరుగా కూడా చేశాడు. అప్పులు మాత్రం తీరలేదు. 1844లో లూయిస్ దీవి మొత్తం, స్టోర్నొవేతో సహా, జేమ్స్ మాథిసన్‌కు అమ్ముడుపోయింది. చీనాలో నల్లమందు వ్యాపారంలో గడించిన డబ్బు అది. ఆ నల్లమందు పండింది మన దేశంలో. మేరీ 1862లో కన్నుమూసింది. 1921లో ఆమె సంతతివాడొకాయన మళ్ళీ సీఫోర్త్ లార్డు అయినాడు. రెండేళ్ళకే సంతానం లేకుండా పోయాడు, బిరుదు ఆగిపోయింది. వారి బ్రహన్ కోటను 1950 తరువాత కూలగొట్టారు. వంశ నాయకత్వం ఇప్పుడు క్రొమార్టీ ఎర్ల్ శాఖలో వుంది. ఐరిష్ తాతను స్థిరపరిచిన ఆ శాఖే!

కుర్చీలు సర్దుతున్న సాయంత్రం వేళ, అక్కడి గుమాస్తా ఒకాయన, మీకు కావలసినవారు దొరికారా అని మర్యాదగా అడిగాడు. దొరలందరూ దొరికారన్నాను. అది నిజమే. పదిహేను తరాల దొరలు దొరికారు. దొరకనివారి లెక్కే నాకు మిగిలిపోయింది.

బార్బడోస్ గవర్నరుగా ఫ్రాన్సిస్ దొర, బానిసను చంపడాన్ని ఘోరనేరం చెయ్యాలని 1805లో అక్కడి తోటల యజమానులతో పోరాడి చట్టం తెచ్చాడు. మెచ్చుకోవలసిందే. అదే దొరకు దక్షిణ అమెరికాలోని బెర్బీస్‌లో తోటలున్నాయి. ఆ తోటలకు బ్రహన్ అనీ కింటెయిల్ అనీ సొంతఊళ్ళ పేర్లు పెట్టాడు. వాటిలో పనిచేసినవారు బానిసలే. స్కాట్లండు ఎస్టేటును నిలబెట్టుకోవడానికి ఆ తోటల రాబడి మీద ఆశపెట్టుకున్నాడు. కింటెయిల్ అనే పేరు ఒక రిజిస్టరులో వంశగౌరవం, ఇంకో రిజిస్టరులో చెరకూ పత్తీ పండించే బానిసల కొట్టం. బానిసల జాబితాలు బెర్బీస్‌లో 1817 తరువాతే మొదలయ్యాయి. అందులో ఒంటి పేరు, వయసు, పుట్టిన దేశం వుంటాయి. అంతకుముందు వారి వంశం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు స్కాట్లండు వారి బాప్టిజం రిజిస్టర్లు, వీలునామాలు, 1855 నుంచి మొదలైన జనన మరణ లెక్కలు ఇంటినుంచే కంప్యూటరులో చూసుకోవచ్చు. కెనడా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడిన మెకంజీలు రోజూ వెతుకుతున్నారు. వారిలో దొరల సంతతి ఎందరు? ఎక్కువమంది ఆ జప్తు జాబితాలో శిస్తు కట్టిన రైతుల మనవలే అయివుంటారు.

మన కైఫీయతులను మళ్ళీ తెరిచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. కావలివారు కరణాన్నీ రెడ్డినీ జమీందారునీ మాత్రమే అడిగి ఊరుకోలేదు. చాలా ఊళ్ళలో పొలిమేరలు, చెరువులు, చెట్లు, దిబ్బలు, గ్రామదేవతలు, కులాలవారు, వృత్తులవారు - తెలిసినంతమటుకు ఎక్కించారు. అయినా పాలేరు తాతపేరు అక్కడా లేదు. ఆ పేరు ఇప్పుడు ఏ దస్తావేజులోనూ దొరకదు. మన ఇళ్ళలో ముసలివాళ్ళు జ్ఞాపకమున్నంతలో చెబుతారు. ఈ వ్యాసం చదివిన ఒకరిద్దరైనా ఈ దసరా సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టుకుని ఒక నోటుపుస్తకంలో పేర్లు రాసుకుంటే, కరణం లేని ఈ రోజుల్లో మన కవిలెకు మనమే కరణాలమవుతాం. పేరు పక్కన ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాయడం మరచిపోకండి. అరవై ఏళ్ళ తరువాత వెతికేవాడికి ముందు కావలసింది సాక్షి.